నిండుకున్న సీసా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏదీ అయిపోయేది కాదు. అన్నీ నిండుకునేవి. బియ్యం నిండుకునేవి, నూనె నిండుకునేది, పసుపు నిండుకునేది. దీపం ఆరిపోయేది కాదు, కొండెక్కేది. గాజు పగిలితే పెరిగిందనాలి. బయటికి వెళ్ళేవాళ్ళు వెళ్తున్నామనకూడదు, వెళ్ళొస్తామనాలి. ఇంట్లో తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారనీ, లేదు అన్న మాట వాళ్ళ చెవిన పడితే అలాగే కానిమ్మంటారనీ మా నాయనమ్మ నమ్మకం. ఆవిడ నిండుకున్నాయి అన్న అరగంటకల్లా గాదెలోంచి ధాన్యమో, కొట్టునుంచి సరుకో వచ్చి డబ్బా నిజంగానే నిండేది. అందుకని నిండుకోవడమంటే నిండడమేనని నేను చాలాకాలం అనుకున్నాను. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అలాంటివేం కుదరవు. ఉప్పు అయిపోతే అయిపోయిందని, గ్యాసు అయిపోతే అయిపోయిందని వీధిలోకి వినపడేలా చెప్తాను. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు "అవేం మాటలమ్మా" అని రెండు మూడుసార్లు సరిదిద్ది చూసి, ఇక దీని నోరింతేనని వదిలేశారు. మా పిల్లలైతే మరీను. ఫోన్లో ఏం చెప్పినా చివర్న "ఏదీ, నేనేం చెప్పానో తిరిగి చెప్పు" అంటానని నా గొంతు పెట్టి మరీ వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఈ చాదస్తం నాకు ఎక్కడ అంటుకుందో వాళ్ళకి ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మాది రావులపాలేనికి నాలుగు మైళ్ళు లోపలికి, కాలువ పక్కనున్న ఊరు. నాలుగెకరాల వరి, చుట్టూ కొబ్బరి. నాన్న తణుకు వైపు ఒక పంచదార మిల్లులో పనిచేసేవారు. చెరుకు ఆడే రోజుల్లో అక్కడే గది తీసుకుని ఉండి, ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవారు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను, నాకంటే మూడేళ్ళు చిన్నదైన చెల్లి. నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట ఇది.

ఆ ఏడు వేసవిలో చెల్లి చెంబులకి చెంబులు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. తింటున్నా చిక్కిపోయింది, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. చూసినవాళ్ళందరూ దిష్టి అన్నారు. అమ్మ రోజూ సాయంత్రం ఎర్రనీళ్ళు తిప్పి పోసేది. ఒకరోజు పొద్దున నాయనమ్మ వెనక అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ, పెరట్లో తూము వైపు చాలాసేపు చూసి, "కోడలమ్మాయ్, ఇలా రా" అని పిలిచింది. చెల్లి రోజూ పాసుకు కూర్చునే చోట ఎర్రచీమలు బారు కట్టి ఉన్నాయి. నలకంత చీమలు. అమ్మ వంగి చూస్తేగాని కనపడలేదు. నాయనమ్మకి మాత్రం అంత దూరం నుంచీ కనపడ్డాయి. "దీని తాతకీ ఇలాగే పట్టాయే చీమలు" అంది ఆవిడ, నోట్లో పందుంపుల్ల తీసేసి.

పోయిన మా తాతయ్యకి షుగరు ఉండేది. కాని ఆయనకి అరవయ్యేళ్ళు, దీనికి ఆరు. రాజమండ్రిలో పిల్లల డాక్టరుగారు పరీక్ష చేయించి అదే జబ్బని తేల్చినప్పుడు, అమ్మ ఆయనతో వాదనకి దిగిందిట, ఇంత పసిదానికి షుగరేంటండీ అని. రోజుకి రెండుపూటలా ఇన్సులిన్ ఇంజక్షను, బతికినన్నాళ్ళూ. ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఆపితే రెండు మూడు రోజుల్లో పిల్ల స్పృహ తప్పుతుంది, తర్వాత ఇక మన చేతిలో ఏమీ ఉండదు అని ఆయన స్పష్టంగా చెప్పారు. ఇంకో వారం ఆలస్యమైతే దక్కేది కాదని కూడా చెప్పి, ఆ చీమల్ని చూసినావిడెవరో ఆవిడకి దణ్ణం పెట్టుకోండి అన్నారు. అమ్మ నిజంగానే ఇంటికొచ్చి నాయనమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ దృశ్యం నాకు బాగా గుర్తు. ఎందుకంటే తర్వాత జరిగింది కూడా గుర్తుంది.

ఆ రోజునుంచి మా ఇల్లు చెల్లి చుట్టూ తిరిగింది. ఇంజక్షను చేయడం నర్సు కమలాకాయ మీద చూపించింది. మా ఊళ్ళో కమలాకాయలెక్కడివి, వంకాయల మీద నేర్చుకున్నారు. నాన్న చేతిలోంచి సూది కిందపడింది. అమ్మ సూది పట్టుకుని ఏడ్చింది. ముందు నేర్చుకున్నది నాయనమ్మే. ఆ వారమంతా మేము చిల్లుల వంకాయ కూరే తిన్నాం. ఆవిడకి అంకెలు రావు, అందుకని మందు ఎక్కడిదాకా లాగాలో అమ్మ గాజు సిరంజి మీద గోళ్ళ రంగుతో ఎర్రగీత పెట్టింది. ఫ్రిజ్ మా వీధి మొత్తానికి లేదు. చీకటి గదిలో తడి ఇసుకలో కుండ పెట్టి, ఆ కుండలో చిన్న సీసా దాచేవారు. ఉదయం, సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళేముందు నాయనమ్మ చేతులు కడుక్కుని తుడుచుకుని, దేవుడి గదిలోకి వెళ్తున్నట్టే వెళ్ళేది.

ఇంట్లో తీపి పోయింది. బెల్లం డబ్బా ముందు అటకెక్కింది, తర్వాత డబ్బానే కనపడలేదు. నా పుట్టినరోజుకి పాయసం లేదు, పులిహోరతో సరిపెట్టారు. నాన్న మిల్లునుంచి వస్తే ఆయన బట్టలకి చెరుకుపాకం వాసన ఉండేది. ముందు నూతి దగ్గర స్నానం చేసి, ఆ బట్టలు దూరంగా పడేసి, అప్పుడే చెల్లిని ఎత్తుకునేవారు. నేను ఎవరి పెళ్ళికైనా వెళ్ళొస్తే చెల్లి కొంగు పట్టుకున్నట్టు నా గౌను పట్టుకుని, "జాంగ్రీ పెట్టారా? ఎలా ఉంది?" అని అడిగేది. బాలేదే, మాడిపోయింది అని చెప్పేదాన్ని. పాపం నమ్మేది. దానిమీద నాకు జాలి ఉండేది, ఒళ్ళు మండిపోయేది కూడా. నాకు జ్వరమొస్తే అమ్మ నుదుటి మీద చెయ్యేసి, సరేలే పడుకో అని, చెల్లి అన్నం తిన్నదో లేదో చూడ్డానికి వెళ్ళిపోయేది. నిజం దాచడమెందుకు, ఒక్కోసారి నాకూ ఆ జబ్బు వస్తే బాగుండుననిపించేది.

జబ్బు సంగతి బయట ఎవరికీ తెలియనివ్వలేదు. ఆడపిల్ల కదా, రేపు సంబంధాలు రావని భయం. తీపంటే ప్రాణం పెట్టే మా నాయనమ్మ ఆ జబ్బు తేలిన రోజునే తీపి మానేసింది. ఎవరింటికెళ్ళినా బూరె పళ్ళెంలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, కాశీలో వదిలేశాను" అనేది. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో అక్కడ వదిలేసి రావడం ఆనవాయితీ. ఈవిడ రాజమండ్రి దాటి ఎరగదు. "ఆయ్, కాశీ ఎప్పుడెళ్ళొచ్చారండీ మామ్మగారూ?" అని ఎవరైనా అడిగితే, "మనసులో వెళ్ళొచ్చాన్లే" అని నవ్వేసేది. అలా తేలిగ్గా అబద్ధాలాడేది ఆవిడ, ఎవరికీ దెబ్బ తగలనివ్వకుండా.

ఆ ఏడు చలికాలంలో అమ్మ వాళ్ళ నాన్నగారు పోయారు. కబురు రాగానే అమ్మ వెళ్ళాలి. చావింటికి, పదిమంది చుట్టాల మధ్యకి, మందుకుండ పట్టుకుని చెల్లిని తీసుకెళ్ళడం కుదరదు. వెళ్ళలేక వెళ్ళలేక వెళ్ళింది. సీసా వెలుతురుకి పెట్టి చూసి, ఆదివారం దాకా వస్తుంది, ఆదివారం మీ నాన్న కొత్తది తెస్తారు అని నాకు, నాయనమ్మకి, చెల్లికి కూడా విడివిడిగా చెప్పింది. "అత్తయ్యగారూ, పిల్లని మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నానండి" అంది గుమ్మం దాటుతూ. "వెళ్ళొస్తాననమ్మా" అని నాయనమ్మ కసిరింది.

నాయనమ్మ కళ్ళు దివ్యంగా ఉండేవిగాని చెయ్యి వణుకు మొదలైంది. సిరంజిలో గాలిబుడగ వస్తే అది పోయేదాకా మందు బయటికి నొక్కేది. అలా రోజూ కొంత నేలపాలైంది. బుధవారం పొద్దున ఇంజక్షను చేసేసరికి సీసాలో చుక్క మిగల్లేదు.

అదృష్టం, ఆ రోజు నాన్న ఫోన్ చేసే రోజు. మా ఎదురింటి మాస్టారుగారి ఇంట్లో ఫోన్ ఉండేది, మాకు ఫోనొస్తే పిలిచి ఇచ్చేవారు, మా పీపీ నంబరు అదే. నాన్న బుధవారం బడివేళకి ముందు తణుకులో బూత్‌నుంచి చేసేవారు. మేము ఆయనకి చేసే దారి మాత్రం లేదు. నాయనమ్మ నన్ను దగ్గరకి పిలిచి జడ బిగిస్తూ చెప్పింది. వాళ్ళింట్లో మందు గిందు అనకు, వింటారు. చిన్న సీసా నిండుకుందని చెప్పు చాలు, వాడికి అర్థమైపోతుంది, ఏం చేయాలో వాడే చూసుకుంటాడు. చిన్న సీసా నిండుకుంది, చిన్న సీసా నిండుకుంది అని గొణుక్కుంటూ వీధి దాటాను.

మాస్టారుగారి భార్య ఫోను పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. చేతులు చిక్కుడుకాయల మీద, చెవులు నా మీద. ఫోన్లో ఒకటే గరగర. నాన్న గొంతు కాలువ అవతలినుంచి వచ్చినట్టుంది.

"చిన్న సీసా నిండుకుందంట నాన్నా."

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఏంటీ అన్నారు. సీసాకేమైందే అన్నారు. నేను ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో చదువుతున్నదాన్ని, తెలివైనదాన్నని పేరు. నిండుకుంది అన్నది నాయనమ్మ కాలంనాటి మాట, నాన్నకి తెలియట్లేదు కాబోలు అనుకున్నాను. ఆయనకి అర్థమయ్యేలా తేలిక చేసి, ఊపిరంతా పట్టి అరిచాను.

"నిండుగా ఉంది నాన్నా! సీసా నిండుగా ఉంది!"

"ఆఁ, సరేనమ్మా, సరే" అన్నారు. ఫోన్ కట్టయిపోయింది.

నాయనమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. చెప్పావా అంది. చెప్పాను. ఏమన్నాడు అంది. సరే అన్నారు అన్నాను. "అమ్మయ్య" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను కాన్వెంటు రిక్షా ఎక్కేశాను.

సాయంత్రం బస్సులో నాన్న రాలేదు. షిఫ్టు మారలేదేమో, పొద్దునే వస్తాడులే అంది నాయనమ్మ. గురువారం పొద్దున రాలేదు. మధ్యాహ్నం బస్సుకీ రాలేదు. ఆ మందు తణుకులోనో రాజమండ్రిలోనో తప్ప దొరకదు. సరే అన్నాడు కదా, సరే అన్నాడు కదా అని ఆవిడ పదిసార్లు అనుకోవడం విన్నాను. చెల్లి నీళ్ళు అడుగుతూనే ఉంది. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. శుక్రవారం తెల్లవారేసరికి అది గట్టిగా, లోతుగా ఊపిరి పీలుస్తోంది, దాని నోటినుంచి మగ్గిపోయిన అరటిపండు వాసన వస్తోంది. పిలిస్తే కళ్ళు తెరిచి, మళ్ళీ మూసేసింది.

నాయనమ్మ ఇంకేం ఆలోచించలేదు. ఆరేడేళ్ళ పిల్లని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి నడిచింది. వెనకాల నేను. పాలవ్యాను వస్తుంటే రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. ఆ డ్రైవరు బ్రేకేసి తిట్టబోయి, చెల్లిని చూసి, "ఆయ్, ఎక్కండి మామ్మగారూ, ఎక్కండి" అని తలుపు తీశాడు. పాలక్యాన్లు ఎక్కడా దించకుండా తిన్నగా రాజమండ్రి తీసుకెళ్ళిపోయాడు. గోదావరి బ్రిడ్జి మీద నాయనమ్మ ఒక చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి నదికి దణ్ణం పెట్టింది.

డాక్టరుగారు చెల్లిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నారు. సంగతి తెలిసి మాస్టారుగారు స్వయంగా తణుకు వెళ్ళి నాన్నని వెంటబెట్టుకొచ్చారు. శనివారం పొద్దుటికి అమ్మ వచ్చింది, చావింటి చీరతోనే. అప్పటికీ చెల్లికి స్పృహ రాలేదు.

ఆసుపత్రి వరండాలో ఒక బల్ల ఉండేది. దానిమీద నాయనమ్మ, పక్కన నేను. అమ్మ ఎదురుగా నిలబడి, మందు ఎందుకాగింది, ఎవరు ఆపారు అని అడుగుతోంది. ఎవరినని కాదు, అందరినీ. నాన్న గోడకి జారబడి, "నాకు తెలీదు. సీసా నిండుగా ఉందనే కదా పాప ఫోన్లో చెప్పింది" అన్నారు.

అమ్మ నా వైపు తిరిగింది. నాకు అప్పుడు తెలిసింది. అయిపోయిన దాన్ని నిండుకుంది అంటారని ఆ వరండాలో, అమ్మ మొహం చూస్తుండగా, ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో నాకిప్పటికీ తెలియదు, ఎందుకంటే నాయనమ్మ నా మోకాలి మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది.

"నేనే అలా చెప్పమన్నాను" అంది. "నిండుగానే ఉందనుకున్నానమ్మా. నాకు కళ్ళు ఆనడం లేదు. ఎవరికీ చెప్పలేదు గాని, కొన్నాళ్ళుగా ఆనడం లేదు."

తర్వాత అమ్మ అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఆవిడ పిల్ల లోపల చావుబతుకుల్లో ఉంది, ఆవిడ తండ్రి పోయి వారం కాలేదు. కళ్ళు ఆనకపోతే ఇంకొకరిని అడగాలి కదండీ అంది. నా పిల్లని మీ చేతుల్లో పెట్టి వెళ్ళానండి అంది. అదే మాట నాలుగైదుసార్లు అంది. నాయనమ్మ తల వంచుకుని, అవునమ్మా, తప్పే, అవునమ్మా అంటూ కూర్చుంది. ఆవిడ చెయ్యి నా మోకాలి మీదనుంచి తీయలేదు.

ఆ సాయంత్రం చెల్లి కళ్ళు తెరిచింది. బతికింది. కాని మేము తిరిగొచ్చిన ఇల్లు మునుపటి ఇల్లు కాదు.

అమ్మ సిరంజి డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. చీకటి గదిలోకి నాయనమ్మ వెళ్ళకూడదు. చెల్లికి అన్నం కలపకూడదు, స్నానం చేయించకూడదు. అమ్మ ఆవిడతో మాట్లాడడం మానేసింది. "మీ నాయనమ్మకి కాఫీ ఇచ్చిరా", "మీ నాయనమ్మని భోజనానికి రమ్మను" అని నాతోనే చెప్పించేది, ఆవిడ రెండడుగుల దూరంలో ఉన్నా సరే. మా ఇంట్లో మాటలు మోసే ఉద్యోగం చివరికి నాకే పడింది, చూశారా. అత్తయ్యగారూ అన్న పిలుపు మళ్ళీ నేను వినలేదు. చెల్లి మాత్రం అమ్మ చూడకుండా వెళ్ళి నాయనమ్మ ఒళ్ళో కూర్చునేది. అమ్మ అడుగుల చప్పుడైతే ఆవిడే దాన్ని లేపి పంపేసేది.

నాన్న రాజమండ్రి తీసుకెళ్ళి ఆవిడకి కళ్ళజోడు కొనిపెట్టారు. లావుపాటి అద్దాలు, నల్ల ఫ్రేము. అరుగు మీదనుంచి చీమల బారుని చూసిన మనిషి ఆ జోడు పెట్టుకుని గుమ్మాలకి తట్టుకుంటూ నడిచేది. తల తిరుగుతోందేమో, మధ్యమధ్యలో గోడ పట్టుకునేది. అది చూసి అమ్మ, ఇంత గుడ్డితనం పెట్టుకుని నా పిల్లకి సూది పొడిచింది అన్నట్టు మొహం తిప్పుకునేది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ లేనప్పుడు పెరట్లోకి వెళ్ళాను. నాయనమ్మ కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టేసి, వణికే చేతిని మోకాలికి ఆనించుకుని, సన్న సూదిలోకి దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తోంది.

నేను ఏడ్చేశాను. అమ్మకి చెప్పేస్తానన్నాను. ఆవిడ సూది పక్కనపెట్టి నన్ను దగ్గరకి లాక్కుంది.

"పిచ్చిదానా, మాట నీది కాదే, నాది. అయిపోయింది అనడానికి నాకు నోరు రాలేదు. నువ్వు మార్చి చెప్పావని మీ అమ్మకి తెలిస్తే, నీ మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. కన్నతల్లికి అది పడరాని కష్టం. నాకేముంది, అత్తని. అత్త మీద కోడలికి కోపం లోకంలో కొత్తా ఏంటి? అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. మనింట్లో దుత్త మీద రావాల్సింది అత్త మీదకొచ్చింది, అంతే."

అని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. చెప్తే ఆవిడ చచ్చిపోతుందని నా భయం. అంతేనా అంటే, అంతే కాదు. ఆ ఒట్టు నాకు హాయిగా ఉంది. అమ్మ నన్ను మామూలుగానే చూస్తోంది, జడ వేస్తోంది, అప్పుడప్పుడు ముద్దు కూడా చేస్తోంది. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఎప్పుడైనా మనసు పీకితే, ఒట్టు వేశాను కదా అని సర్దుకునేదాన్ని.

మూడేళ్ళు అలాగే గడిచాయి. మూడో ఏడు నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. పది రోజులు మంచం మీదుంది. ఆ పది రోజులూ అమ్మ ఆవిడకి చేయాల్సినవన్నీ చేసింది, ఒళ్ళు తుడిచింది, జావ పట్టింది, పక్కలు మార్చింది. మాట మాత్రం ఆడలేదు. నాయనమ్మ కళ్ళు అమ్మ ఎటు వెళ్తే అటు తిరిగేవి. ఒకరోజు నూతి దగ్గర అమ్మ ఆవిడ బట్టలు పిండుతుంటే పక్కన నిలబడి, అమ్మా అన్నాను. ఏంటే అంది. ఏం లేదు అన్నాను. పన్నెండేళ్ళు నాకప్పటికి. ఒట్లతో మనుషులు పోరని ఆ వయసుకి తెలుసు.

ఆవిడ పోయిన పదోరోజున ఫొటో ముందు ఆవిడకి ఇష్టమైనవి పెడుతున్నారు. బూరెలు వండారు, మా ఇంట్లో దాదాపు నాలుగేళ్ళ తర్వాత. ఆకు వక్కా పెట్టారు. అమ్మ ఆవిడ పెట్టె తీసి కళ్ళజోడు తెచ్చింది. అద్దాలు కొంగుతో తుడిచి, "పాపం, పైనైనా కనపడాలిగా" అని ఫొటో పక్కన పెట్టింది. అమ్మ గొంతులో కోపం లేదు. మూడేళ్ళలో అదే మొదటిసారి.

నేను తట్టుకోలేకపోయాను. "అది పెట్టకమ్మా" అన్నాను. "నాయనమ్మకి కళ్ళు బాగానే కనపడేవి."

తర్వాత మొత్తం చెప్పేశాను. ఫోను, గరగర, నిండుగా ఉందని అరవడం, మోకాలి మీద చెయ్యి, ఒట్టు. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తిట్టలేదు. కింద కూలబడి, కళ్ళజోడు ఫొటో దగ్గరనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని అంది.

"చీమల్ని చూసిన కళ్ళే అవి. ఆ కళ్ళు గుడ్డివంటే నేనెలా నమ్మానే?"

ఆ జోడు మడిచి, "ఓ పదిహేను రోజుల ముందు చెప్పలేకపోయావుటే. వినపడేది కదే ఆవిడకి. అత్తయ్యగారూ అని ఒక్కసారి పిలిచేదాన్ని" అని, అప్పుడు ఏడ్చింది. మా అమ్మ అలా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు, చెల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా.

చెల్లి ఉంది. ఇంజక్షను ఇప్పుడు పెన్నులాగా వచ్చింది, తనే వేసుకుంటుంది. ఆ జబ్బు తన వాటా తాను తీసుకుంటూనే ఉంది, ఇప్పుడు డాక్టర్లు మూత్రపిండాల మాట ఎత్తుతున్నారు. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేసి ముందు మందెంతుందో చెప్తుంది, తర్వాతే మిగతా కబుర్లు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాయనమ్మ తద్దినం నాడు బూరెలు వండుతుంది, తను మాత్రం ముట్టదు. ఎవరైనా అడిగితే కాశీలో వదిలేశానంటుంది. ఆవిడా కాశీ వెళ్ళలేదు.

కళ్ళజోడు నా బీరువాలో ఉంది. సీసా నిండుగా ఉందని అరిచిన తొమ్మిదేళ్ళ పిల్లని నేను ఎప్పుడో క్షమించేశాను, దానికేం తెలుసు పాపం. నూతి దగ్గర ఏం లేదు అన్న పన్నెండేళ్ళదాన్ని మాత్రం క్షమించలేదు. అందుకే మా ఇంట్లో ఏదైనా అయిపోతే అయిపోయిందనే అంటాను. ఎవరికైనా చెప్పాల్సిన మాట నా దగ్గర ఉండిపోతే, ఫోన్లో కాదు, ఆ మనిషి ఉండగానే బస్సెక్కి వెళ్ళి చెప్పొస్తాను.